ఆరు జూనిపర్లు పెడితే రెండు ఎర్రబారిపోయాయి, మిగతావైనా దక్కుతాయా? (అనంతపురం)

సాయినగర్_మిద్దె | అనంతపురం | సెప్టెంబర్ 14

అందరికీ నమస్తే. ఏడాదిగా ఇక్కడ చదివి పోతున్నానే గానీ రాయడం ఇదే మొదలు, తప్పులుంటే సర్దుకోండి. కొత్తిల్లు కట్టుకున్నాం. గేటు నుంచి మెట్ల దాకా 14 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పున మట్టి వదిలేసి మిగతా వాకిలంతా కడప బండలు పరిపించాను. బెంగళూరులో మా ఆఫీసు ముందర నేలమీద చాప పరిచినట్టు పాకే మొక్క ఒకటి ఉండేది, నీలమూ పచ్చా కలిసిన రంగు, అది జూనిపర్ అని అక్కడి తోటమాలి చెప్పాడు. అప్పటి నుంచీ మనసులో ఉంది. జులైలో ఒక నర్సరీలో కనబడితే ఒక్కోటి 450 చొప్పున ఆరు తెచ్చి వరసగా పెట్టాను.

నెలన్నర కళకళలాడాయి. పది రోజుల కింద గేటు పక్కది లోపల్నుంచి రంగు తగ్గడం మొదలై ఇప్పుడు మొత్తం ఇటుక రంగుకొచ్చింది. దాని పక్కది కూడా అదే దారి పట్టింది. ఫోటోలు పెట్టాను చూడండి. నర్సరీ ఆయనకు ఫోన్ చేస్తే ఎండకు మాడింది సార్, నీళ్లు పెంచండి అన్నాడు. పొద్దున ఒక పూట ఆరింటికీ కలిపి ఒక బకెట్ పోసేవాణ్ణి, ఇప్పుడు రెండు పూటలా పోస్తున్నా. 2,700 పెట్టి కొన్నవి, టెన్షన్‌గా ఉంది.

గరుసునేల | కర్నూలు | సెప్టెంబర్ 14

ముందు ఆ నీళ్లు ఆపండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

సెప్టెంబర్‌లో ఎండకు మాడడమేంది? మీ అనంతపురంలో ఏడాదంతా కలిపి పడేదే 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల, అందులో ఎక్కువ వాన పడే నెల ఇదే. పైన వాన, కింద మీ బకెట్. జూనిపర్‌కు మామూలు ఎండ శత్రువు కాదు, రోజుకు ఆరు గంటలన్నా నేరుగా ఎండ తగలకపోతే కొమ్మ పలచబడిపోతుంది. దాన్ని చంపేది వేళ్ల దగ్గర నిలిచిన తడి. ఇంకో సంగతి, మామూలు మొక్కకు తేడా చేస్తే ఆకు వేలాడేసి మనకు చెబుతుంది. ఇది చెప్పదు. వేరు కుళ్లిపోయాక కూడా వారాల తరబడి పచ్చగానే నిలబడి ఉంటుంది. మీరు పది రోజుల కింద చూసిన రంగు ఆగస్టులో జరిగినదానికి.

చెట్టు మొదట్లో వేలు గుచ్చి రెండు అంగుళాల లోతున తడి ఉందో లేదో చెప్పండి. అట్లాగే ఒక్కో మొక్క కొమ్మమీద గోటితో కొంచెం గీకండి. లోపల లేతపచ్చ కనిపిస్తే ప్రాణం ఉన్నట్టు. మాసిన చెక్కరంగు కనిపిస్తే ఆ కొమ్మమీద ఆశ వదులుకోండి.

బుడ్డలచేను | రాప్తాడు దగ్గర | సెప్టెంబర్ 14

అన్నా, మా చేని గట్టుమీద ఊరికే మొలిచే కంప మాదిరి ఉంది, దీనికి 450 పెట్టినావా? ఎర్రబడిందంటే బలం చాలక. చెట్టుకు గుప్పెడు డీఏపీ వేసి నీళ్లు వదులు, పది రోజుల్లో తిప్పుకుంటుంది.

గరుసునేల | కర్నూలు | సెప్టెంబర్ 14

వద్దు నాయనా. కుళ్లిన వేరుకు డీఏపీ అంటే పుండుమీద కారం. శెనక్కాయకు పనికొచ్చింది కదా అని అన్నిటికీ వేస్తే ఎట్లా. ఈ జాతికి తిండి చానా తక్కువ, ఏడాదికి ఒకసారి చలికాలం పోయేటప్పుడు బాగా చివికిన పశువుల ఎరువు రెండు పిడికిళ్లు వేస్తే సరిపోతుంది. యూరియా పడితే కొమ్మ మెత్తగా, పొడుగ్గా సాగి పురుగులకు విందవుతుంది.

సాయినగర్_మిద్దె | అనంతపురం | సెప్టెంబర్ 15

సార్, మీరు చెప్పినట్టే చూశాను. రెండు అంగుళాల లోతున బురద. గోటితో గీకితే గేటు పక్కది అంతా చెక్కే. రెండోదానికి ఒక పక్క కొమ్మల్లో మాత్రం పచ్చ ఉంది. మిగతా నాలుగూ బాగానే ఉన్నట్టున్నాయి.

గేటు పక్కది ఎటూ పోయింది కదా అని తవ్వి బయటికి తీశాను. చుట్టూ ఉన్న మా ఎర్రమట్టి అంతా రాలిపోయింది గానీ, మధ్యలో నర్సరీ కవర్లో వచ్చిన మట్టి మాత్రం కుమ్మరి సారెమీద పెట్టిన ముద్దలా నల్లగా, గుండ్రంగా, పెట్టింది పెట్టినట్టే ఉంది. కత్తితో కోస్తే బెల్లం అచ్చు తెగినట్టు తెగింది. లోపల మురుగు కాలవ వాసన. ఒక వేరు పట్టి లాగితే పైతోలు తొడుగులా ఊడి నా వేళ్లకే వచ్చేసింది, లోపల దారప్పోగంత మిగిలింది. ఇన్నాళ్లలో ఒక్క వేరు కూడా ఆ ముద్ద దాటి మా మట్టిలోకి రాలేదు.

ధర్మవరం_బెంగళూరు | సెప్టెంబర్ 15

ఆ తోలు ఊడిరావడమే వేరుకుళ్లుకు గుర్తు బ్రో. ఫైటోఫ్తోరా, పిథియం లాంటి నీటి బూజులు చేసే పని. గాలి ఆడని మట్టిలో నీళ్లు నిలిస్తే వాటికి పండగ.

నేను పన్నెండేళ్లుగా జూనిపర్ బోన్సాయ్‌లు పెంచుతున్నాను, మొదట్లో ఈ ముద్ద దెబ్బకే నాలుగు పోగొట్టుకున్నా. లారీలో వందల కిలోమీటర్లు వచ్చే మొక్కకు దారిలో మట్టి రాలకుండా బంకమట్టి కట్టి పంపుతారు. అది వాళ్ల వ్యాపారానికి కావాలి, మన వేరుకు మాత్రం ఉరి. ఆ ముద్ద తడిస్తే ఒక పట్టాన ఆరదు, పూర్తిగా ఆరిపోతే నీళ్లు లోపలికి దిగవు, పక్కనుంచి జారిపోతాయి.

మిగతా నాలుగింటిని ఇప్పుడే పీకి మట్టంతా కడిగేద్దామని మాత్రం అనుకోవద్దు. గులాబీకి అట్లా చేస్తే తట్టుకుంటుందేమో, ఈ జాతి వేళ్లు బయటపెడితే తట్టుకోదు. వానలు తగ్గి చల్లబడేదాకా, అంటే నవంబర్ మొదటి వారం దాకా ఆగు. అప్పుడు తీసి, పుల్లతో ముద్ద చుట్టూ బయటి మూడో వంతు మట్టి మాత్రం విడదియ్యి. లోపలి మట్టి జోలికి వెళ్లకు, అది వచ్చే ఏడాది చూసుకోవచ్చు. అంతవరకు సన్న ఇనుప కడ్డీతో ఒక్కో ముద్దకు ఏడెనిమిది చోట్ల పొడిచి పెట్టు, కొంచెం గాలి పోతుంది.

ఒక డౌట్. రోజుకు ఆరింటికీ కలిపి ఒక బకెట్ అంటే చెట్టుకు రెండు మూడు లీటర్లు, వాన కలిపినా ఇంత బురద కావడానికి లెక్క సరిపోవట్లేదు. ఇంట్లో ఇంకెవరైనా పోస్తున్నారేమో కనుక్కో.

సాయినగర్_మిద్దె | అనంతపురం | సెప్టెంబర్ 16

కనుక్కున్నాను, నవ్వకండి.

అమ్మ రెండు పూటలా బియ్యం కడిగిన నీళ్లు వాటికే పోస్తోంది. నాకు చెప్పలేదు, నేనూ ఎప్పుడూ అడగలేదు. "కొత్త చెట్లు కదా నాయనా, దప్పికకు అల్లాడుతుంటాయి" అంటోంది. ఇది చాలదన్నట్టు పొద్దున్నే వాకిట్లో బండలు కడిగిన నీళ్లు వాలుకు జారి నేరుగా ఆ మట్టిలోకే దిగుతున్నాయి. వాలు గేటు వైపు. పోయినవి గేటు వైపువే.

కుండీలపిచ్చి | కడప | సెప్టెంబర్ 16

అమ్మను ఏమనొద్దు తమ్ముడూ, మా అత్తమ్మ కాక్టస్‌కు కూడా రోజూ చెంబెడు పోస్తుంది.

నా సంగతి చెబుతా. కడపలో మిద్దెమీద మూడు జూనిపర్లు పెట్టి రెండు పోగొట్టుకున్నాను, రెండూ మే నెలలోనే. నీళ్లు కరెక్టుగానే పోశాను, ఎరువు వెయ్యలేదు, పురుగూ లేదు. తర్వాత అర్థమైందేమంటే అవి నల్ల ప్లాస్టిక్ కుండీల్లో ఉన్నాయి, మిద్దె స్లాబు కింద నుంచి, ఎండ పక్క నుంచి కాల్చితే లోపల మట్టి ఉడికిపోయింది. మధ్యాహ్నం మూడింటికి కుండీ పక్కన చెయ్యి పెడితే వెనక్కి లాక్కున్నాను, వేరు ఎక్కడికి లాక్కుంటుంది పాపం? మూడోది పెద్ద మట్టి కుండీలో తూర్పు గోడ వారన ఉంది, కుండీ కింద రెండు ఇటుకలు. దానికి నాలుగేళ్లు వచ్చాయి. పెద్దగా పెరగదు, ఉందంటే ఉంది.

కలివిపొద | బద్వేలు | సెప్టెంబర్ 17

ఎవరికీ నచ్చని మాట ఒకటి చెబుతా. చలిదేశపు మొక్కను తెచ్చి 42 డిగ్రీల్లో పెట్టి, దానికి పందిరి, కుండీ కింద ఇటుకలు, కడ్డీతో పోట్లు... ఎందుకిదంతా? మనకు పొట్టిగా, ఏడాదంతా పచ్చగా ఉండే పొద లేదా? కలివి ఉంది. వాక్కాయ అని కొందరంటారు. మా లంకమల కొండల వైపు నీటిచుక్క లేని రాళ్లలో పచ్చగా ఉంటుంది, పూలకు మల్లె మాదిరి వాసన, కాయలు పచ్చడికి. దాని పేరుమీదే ఒక పిట్టకు కలివికోడి అని పేరొచ్చింది, లోకంలో అంతరించిపోయిందనుకున్న ఆ పిట్ట 1986లో మళ్లీ కనబడింది మన కడప జిల్లా పొదల్లోనే. అట్లాంటి చెట్టును వదిలేసి 450 పెట్టి పరాయి కంప.

సాయినగర్_మిద్దె | అనంతపురం | సెప్టెంబర్ 17

మీరన్నది నిజమే అన్నా, కాదనను. కానీ ఆ రంగుమీద మనసు పడ్డాను, ఏం చెయ్యమంటారు. ఒక్క ఏడాది ప్రయత్నం చేసి చూస్తా, కాకపోతే మీ దగ్గరికే వస్తా కలివి మొక్క కోసం.

ప్రొద్దుటూరు_అబ్బాయి | మిషిగన్ | సెప్టెంబర్ 18

మాది ప్రొద్దుటూరు, ఉండేది మిషిగన్‌లో. ఇక్కడ ఈ మొక్కను ఎవరూ పట్టించుకోరు, పెట్రోల్ బంకుల ముందర, పార్కింగ్ గట్లమీద వేసి మర్చిపోతారు. ఫోటోలో మీది హారిజాంటాలిస్ రకం లాగుంది. అది పుట్టిందే కెనడాలో, అమెరికా ఉత్తర భాగంలో, ఇసుక దిబ్బల మీద, రాళ్ల సందుల్లో. బ్లూ రగ్ అని అమ్మేది ఇందులోదే, ఎత్తు అర అడుగు చుట్టుపక్కల ఉంటుంది గానీ ఆరేడు అడుగులు పాకుతుంది. చలికాలం మంచు కింద ఊదారంగుకు తిరిగి, చలి పోయాక మళ్లీ మామూలవుతుంది. మన అనంతపురం చలికి ఆ రంగు వస్తుందని ఆశపడకండి.

ఇసుక, రాళ్లు అన్నాను చూడండి, కిటుకంతా అక్కడే ఉంది. అక్కడ వాన ఎంత పడినా నిలవదు. ఇంకోటి, 14 అడుగులకు ఆరు మొక్కలు ఎక్కువ, నాలుగు చాలు. మూడు నాలుగేళ్లకు ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి, కిందివాటికి ఎండ తగలక లోపల ఎండిపోతాయి.

బుడ్డలచేను | రాప్తాడు దగ్గర | సెప్టెంబర్ 18

అయితే పోయిన రెండూ లెక్క సరిచేసి పోయినట్టే కదన్నా.

నల్లరేగడి | ఆదోని | సెప్టెంబర్ 20

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. మాది నల్లరేగడి నేల. నేనూ పోయిన నెల జూనిపర్ కొన్నాను, కానీ మీరంతా పాకుతుంది అంటున్నారు, నాది నిటారుగా మూడడుగులు ఉంది, కొమ్మలు విసనకర్రలు నిలబెట్టినట్టు పలకలు పలకలుగా ఉన్నాయి. ఇదేం రకం?

కుండీలపిచ్చి | కడప | సెప్టెంబర్ 20

అది జూనిపర్ కాదు, మోర్‌పంకి. థూజా అని కూడా అంటారు. సూదుల్లాంటి ఆకున్న ప్రతిదానికీ నర్సరీల్లో నోటికొచ్చిన పేరు పెడతారు, ఒకచోట క్రిస్మస్ చెట్టు, ఇంకోచోట జూనిపర్. ఆకు నలిపి వాసన చూడు, జూనిపర్ అయితే తార్పిన్ తైలం, కర్పూరం కలిసినట్టు ఘాటుగా కొడుతుంది. చాలా రకాల్లో లేత ఆకు అరచేతికి గుచ్చుకుంటుంది కూడా. మోర్‌పంకి గుచ్చుకోదు. నీది మన ఎండకు జూనిపర్ కన్నా బాగా తట్టుకుంటుంది, బాధపడకు.

గరుసునేల | కర్నూలు | సెప్టెంబర్ 20

ఆదోని తమ్ముడూ, మోర్‌పంకి అయినా జూనిపర్ అయినా రేగడిలో గుంత తవ్వి మాత్రం పెట్టొద్దు. రేగడిలో గుంత అంటే గిన్నె, వానొస్తే నిండుతుంది, ఖాళీ కాదు. నేలమీదే అడుగు, అడుగున్నర ఎత్తు దిబ్బ వేసి దానిమీద పెట్టు. నేను మా ఇంట్లో కేసీ కెనాల్ వైపు ఉన్న స్థలంలో అట్లా వేసిందే ఆరేళ్లుగా ఉంది. దిబ్బకు సగం గరుసు (సన్నరాళ్లు కలిసిన ముతక మట్టి), మిగతా సగంలో ఎర్రమట్టి ఎక్కువ, ఎరువు తక్కువ. కొబ్బరి పొట్టు కలపమని వీడియోల్లో చెబుతారు, వానాకాలం అది స్పాంజి మాదిరి నీళ్లు పట్టుకుని కూర్చుంటుంది, దీనికి వద్దు.

మన నేలల్లో సుద్ద ఎక్కువ కదా, దానికేమన్నా అవుతుందా అని ఎవరో మెసేజ్‌లో అడిగారు. సుద్దకు ఇది పెద్దగా జంకదు. చవుడు నేల, ఉప్పు బోరు నీళ్లు అయితే మాత్రం కొసలు మాడతాయి. వాన నీళ్లు పట్టుకోగలిగితే నెలకోసారి మట్టి కడిగినట్టు బాగా పొయ్యండి, ఉప్పు కిందికి దిగిపోతుంది.

సాయినగర్_మిద్దె | అనంతపురం | నవంబర్ 9

అప్‌డేట్. రెండోది కూడా అక్టోబర్‌లో పోయింది. నాలుగు ఉన్నాయి.

ఈ వారం లీవ్ పెట్టి మొత్తం మళ్లీ చేశాను. ముందు మట్టి పక్కనే ఉన్న ఒక వరస కడప బండలు లేపించి, అక్కడ రెండంగుళాల సిమెంటు గట్టు కట్టించాను, ఇక కడిగిన నీళ్లు అటు నుంచి కాలవకు పోతాయి. పాత మట్టిలో అడుగు గుంత తీసి నీళ్లు నింపి చూస్తే మరుసటి రోజు పొద్దునకు కూడా అడుగున చెమ్మ కాదు, నీళ్లే ఉన్నాయి. కింద ఇల్లు కట్టినప్పటి సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు పరచుకుని గట్టిపడి ఉన్నాయి! గడ్డపారతో అవన్నీ తీసి, జల్లెడ పట్టిన గరుసు ఐదు గంపలకు ఎర్రమట్టి మూడు, ఎరువు ఒకటి లెక్కన కలిపి తొమ్మిది అంగుళాలు ఎత్తు పెంచాను. ఇప్పుడు గుంత నింపితే మూడు గంటల్లో ఖాళీ.

ముద్దల సంగతి. పుల్లతో గంటన్నర పట్టింది ఒక్కోదానికి. మెట్ల వైపు దానికి మాత్రం తెల్లటి కొత్త వేళ్లు రెండు మూడు బయటికి వచ్చి ఉన్నాయి, వాటిని చూసి ఎంత సంతోషమేసిందో చెప్పలేను. పాత కవర్లో ఎంత లోతున ఉన్నాయో అంతే లోతున పెట్టాను, మొదలు పూడ్చలేదు.

అమ్మకు వేరే ఏర్పాటు చేశాను, గోడ వారన కరివేపాకు, రెండు దొండ పాదులు. బియ్యం నీళ్లు అటు పోతున్నాయి.

ఒక ప్రశ్న, లోపల్లోపల కొమ్మలకు ఆకు ఎండి రాలుతోంది, కత్తిరించి గుండ్రంగా షేప్ చెయ్యొచ్చా?

ధర్మవరం_బెంగళూరు | నవంబర్ 10

సూపర్ బ్రో, ఆ సిమెంటు పెళ్లల సంగతి కొత్తింటివాళ్లందరూ చూసుకోవాలి.

లోపల ఎండ తగలని ఆకు రాలడం మామూలే, చేత్తో దులిపెయ్యి. కత్తెర మాత్రం జాగ్రత్త. దురంత మొక్కల కంచె కొట్టినట్టు పైపైన కొట్టెయ్యకు. ఆకులేని ఎండుకట్టె దాకా కోశావంటే అక్కణ్ణుంచి మళ్లీ చిగురు రాదు, ఆ బొక్క జన్మలో పూడదు. పొడుగు కొమ్మను ఎత్తి చూడు, లోపల పక్కకు ఇంకో పచ్చ కొమ్మ చీలి ఉంటుంది, ఆ చీలిక పైన కొయ్యి. కోసిన చోటు పై ఆకు కింద దాక్కుంటుంది, కోసినట్టే ఉండదు. ఈ ఏడాది అదీ వద్దు, వేరు పడనివ్వు.

దానికి బదులు ఒక పని చెయ్యి. నేలకు ఆనుతున్న కొమ్మ ఒకటి చూసి, మధ్యలో కిందివైపు తోలు కొంచెం గీకి, జడపిన్ను మాదిరి వంచిన తీగతో మట్టికి నొక్కి పైన గుప్పెడు గరుసు వెయ్యి. నేల అంటు. మర్చిపో, వేసవి దాటాక చూద్దాం.

బుడ్డలచేను | రాప్తాడు దగ్గర | నవంబర్ 10

అన్నా, పైన కప్పడానికి బుడ్డల (శెనక్కాయల) పొట్టు కావాలంటే మిల్లు దగ్గర మూట ఊరికే ఇస్తారు. తడి నిలుపుతుంది, కలుపు రాదు.

సాయినగర్_మిద్దె | అనంతపురం | జనవరి 4

బుడ్డలచేను తమ్ముడూ, నీ పొట్టు నా కొంప ముంచింది! రెండు అంగుళాలు పరిచాను. నిన్న పక్కకు తీస్తే కింద అంతా చెదల మట్టి దారులు, ఒక చెట్టు మొదలు చుట్టూ అరచెయ్యి ఎత్తు పుట్ట గోడ. చెట్టును తిన్నట్టు లేదు, పొట్టు కోసమే వచ్చినట్టున్నాయి, కానీ నా గుండె జారింది. మొత్తం ఎత్తి పారేసి గరుసులో పెద్ద రాళ్లు ఏరి పరిచాను.

బుడ్డలచేను | రాప్తాడు దగ్గర | జనవరి 4

చెదల సంగతి మర్చిపోయినా అన్నా, మా గొడ్ల పాకలో కూడా అంతే. తప్పైపోయింది. పెద్ద రాళ్లు కావాలంటే ట్రాక్టర్ తోలిస్తా.

సాయినగర్_మిద్దె | అనంతపురం | మార్చి 22

గేటు వైపు ఉన్నదాని రంగు మారింది. ఎర్రబారడం కాదు, దుమ్ము కొట్టినట్టు బూడిదరంగు, మధ్యమధ్య పసుపు చుక్కలు. నీళ్లు ఎక్కువ కాలేదు, వారానికి ఒకసారి, అదీ వేలు పెట్టి చూసి పోస్తున్నా. మళ్లీ వేరేనా?

కుండీలపిచ్చి | కడప | మార్చి 22

తెల్ల కాగితం ఒకటి కొమ్మ కింద పట్టి, కొమ్మను రెండు మూడు సార్లు తట్టు. పడినదాన్ని ఒక నిమిషం కదలకుండా చూస్తూ ఉండు. దుమ్మైతే కదలదు.

సాయినగర్_మిద్దె | అనంతపురం | మార్చి 22

కదులుతున్నాయి అక్కా! చుక్కంత ఉన్నాయి. వేలితో నొక్కి లాగితే కాగితంమీద ఎర్రటి గీత పడింది.

కుండీలపిచ్చి | కడప | మార్చి 22

నల్లి. ఎర్రనల్లి అంటారే, అదే. ఎండ, దుమ్ము, పొడిగాలి మూడూ కలిస్తే దానికి పెళ్లి భోజనం, గేటు వైపు రోడ్డు దుమ్ము ఎక్కువ కాబట్టి అక్కడ మొదలైంది. పురుగుల మందు షాపులో చెప్పిన మందు తెచ్చి కొట్టెయ్యకు, నల్లి పురుగు జాతి కాదు, సాలీడు జాతి. మామూలు మందుకు దాన్ని తినే పురుగులు చస్తాయి, ఇది మిగిలి ఇంకా రెట్టింపవుతుంది. పొద్దున్నే పైపుతో గట్టిగా, కొమ్మను ఎత్తి అడుగు నుంచి కొట్టు. మూడు రోజులకోసారి, రెండు వారాలు.

నల్లరేగడి | ఆదోని | మార్చి 23

వేపనూనె కొట్టకూడదా అక్కా?

ధర్మవరం_బెంగళూరు | మార్చి 23

పచ్చరకానికి కొట్టొచ్చు, లీటరుకు 5 మిల్లీలీటర్లు, కొంచెం సబ్బు కలిపి, సాయంత్రం. ఇతనిది నీలిరకం, ఆ నీలం నిజానికి ఆకుమీది మైనం పొడి. ఏ నూనె పడినా అది కరిగిపోయి మొక్క మామూలు పచ్చగా తేలుతుంది, కొత్త ఆకు వచ్చేదాకా నీలం తిరిగి రాదు. ఆ రంగు కోసమే కదా ఇంత తంటా. గంధకం కూడా నల్లికి మంచిదే గానీ 35 డిగ్రీలు దాటాక ఆకు మాడుస్తుంది, మీకు ఇప్పటికే దాటేసింది. నీళ్లే మేలు.

సాయినగర్_మిద్దె | అనంతపురం | మే 12

బతికే ఉన్నాయి, నేనే సగం చచ్చాను.

నల్లి నీళ్లతోనే పోయింది. ఏప్రిల్ నుంచి కొత్త తంటా. కొమ్మలు గట్టు దాటి బండలమీదికి పాకాయి, చూడ్డానికి భలే ఉండేది. బండకు ఆనిన కొసలన్నీ వారంలో కాగితంలా తయారయ్యాయి. రాత్రి ఎనిమిదింటికి వట్టి కాలితో ఆ బండమీద నిలబడితే ఇంకా చురుక్కుమంటోంది, అప్పుడు అర్థమైంది. కొసలు వెనక్కి కోసేశాను, ధర్మవరం అన్న చెప్పినట్టు పచ్చ చీలిక పైన. పడమటి వైపు 50 శాతం షేడ్ నెట్ వాలుగా కట్టాను, మధ్యాహ్నం పన్నెండు దాటాక నీడ పడుతుంది, పొద్దుటి ఎండ మొత్తం తగులుతుంది. నీళ్లు ఇప్పుడు వారానికి రెండుసార్లు, సూర్యుడు రాకముందు, చెట్టుకు పది లీటర్లు నిదానంగా. మూడు బాగున్నాయి, గేటు వైపుది ఒక పక్క దెబ్బతింది.

ఒక్కటైనా ఈ ఎండలకు పెరుగుతుందా అంటే లేదు. ఉన్నచోటే బిగుసుకుని కూర్చుంది.

గరుసునేల | కర్నూలు | మే 12

రోహిణి కార్తె దాటనివ్వండి. ఇక్కడ 43 కొడుతోంది, నాది కూడా అట్లాగే ఊపిరి బిగబట్టుకుని ఉంది. మనకాడ ఇది పెరిగేది అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా, మిగతా నెలలు ప్రాణం నిలబెట్టుకోవడమే దాని పని. అక్కడ మంచుకు ముడుచుకుంటుందట, ఇక్కడ ఎండకు. ఇప్పుడు చిగురు రాలేదని ఏ ఎరువూ వెయ్యొద్దు.

కలివిపొద | బద్వేలు | మే 13

నేను ఊరికే అడుగుతున్నా, మా కలివి ఈ మే నెలలో కాయ పండుతోంది. ఫోటో పెట్టమంటారా?

సాయినగర్_మిద్దె | అనంతపురం | మే 13

పెట్టకండి అన్నా 🙏

సాయినగర్_మిద్దె | అనంతపురం | జులై 20

షేడ్ నెట్ విప్పేశాను. రెండు మంచి వానలు పడ్డాయి, ఒక్క చుక్క నిలవలేదు. గేటు వైపుది గాయం పూడ్చుకుంటోంది, కోసిన చీలిక దగ్గర్నుంచి లేతనీలం కొసలు వచ్చాయి.

నవంబర్‌లో వేసిన నేల అంటు గుర్తుందా, నేను నిజంగానే మర్చిపోయాను. నిన్న గరుసు జరిపితే కొమ్మ కింద బొటనవేలంత కుచ్చు వేళ్లు, తెల్లగా. తల్లి కొమ్మ నుంచి కోసి మట్టి కుండీలో పెట్టాను. కుండీలపిచ్చి అక్కా, మీ రెండు పోయాయన్నారు కదా, ఇది మీకే. వేరు నిలదొక్కుకున్నాక అక్టోబర్‌లో ఆర్టీసీ కార్గోలో పంపుతాను.

కలివి అన్నా, గేటు పక్క చోటు ఒకటి ఖాళీగానే ఉంది. మీ మొక్క ఒకటి అడుగుదామనుకున్నా, వాకిట్లో ముళ్లచెట్టు వద్దంటోంది అమ్మ. వెనక కాంపౌండ్ గోడ వైపు అయితే ఒప్పుకుంది. రెండు మొక్కలు చాలు.

కలివిపొద | బద్వేలు | జులై 20

నాలుగు పంపుతా. గింజ నుంచి వచ్చినవి, బంకమట్టి లేదు. అమ్మకు చెప్పండి, పచ్చడికి ఇంకో రెండు మూడేళ్లు పడుతుంది.

కుండీలపిచ్చి | కడప | జులై 21

తమ్ముడూ, చానా సంతోషం. కుండీతో పంపకు, దారిలో పగులుతుంది. వేళ్లకు తడి గోనెపట్ట చుట్టి, పైన కవర్ కట్టి, అట్టపెట్టెలో నిలబెట్టు, పెట్టెకు పక్కల నాలుగు చిల్లులు. ఏ బస్సుకు వేశావో ముందే చెబితే మా వాడు బస్టాండుకు వెళ్లి తెచ్చుకుంటాడు. ఇటుకలు, కుండీ రెడీగా ఉన్నాయి, అత్తమ్మకు మాత్రం ఇంకా చెప్పలేదు.